17వ నంబర్ వాలంటీర్ కుడిచెయ్యి

డోసు మింగిన నాలుగు గంటల పది నిమిషాలకు 17వ నంబర్ వాలంటీర్ బాత్రూమ్‌కి వెళ్లడానికి మంచం దిగాడు. రెండడుగులు వేసి, గోడ పట్టుకోబోయి, అది అందక కూలబడిపోయాడు. పక్కనే ఉన్న సిస్టర్ పట్టుకోవడంతో తలకి దెబ్బ తగల్లేదు. బీపీ 78/44, పల్స్ 112. ఒళ్లంతా చెమట, మొహం మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది. పేరు అడిగితే చెప్పాడు, ఏ వారమో చెప్పాడు. కాళ్లు ఎత్తి పడుకోబెట్టి సెలైన్ ఎక్కించాం, ఈసీజీ తీశాం. గంటన్నరకి పై బీపీ 96కి వచ్చింది. సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. ఆస్పత్రికి పంపాల్సిన అవసరం రాలేదు.

వైద్యం వరకు కేసు అంతే. నేను రాయదలచుకున్నది అతను ఎందుకు పడ్డాడన్న దాని గురించి, అందులో మా వాటా ఎంతన్న దాని గురించి. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. నంబర్ కూడా అసలుది కాదు. (నేను డాక్టర్‌గా ఉన్నది మందులని వాలంటీర్ల మీద పరీక్షించే యూనిట్. మా వార్డులో అందరినీ నంబర్లతోనే పిలుస్తాం. గోప్యత కోసమే అని చెబుతాం, నిజమే. కానీ మనిషిని నంబర్‌గా చూడటం ఎంత తొందరగా అలవాటైపోతుందో ఈ కేసులోనే తెలిసింది.)

స్టడీ

ఇది బయోఈక్వివలెన్స్ స్టడీ. ఒక కంపెనీ మందుకి పేటెంట్ అయిపోయాక మరో కంపెనీ అదే మందుని తయారుచేస్తే, రెండూ శరీరంలోకి ఒకే మోతాదులో, ఒకే వేగంతో చేరుతున్నాయని నిరూపించాలి. అందుకోసం ఆరోగ్యవంతులకి ఒకసారి పాత మాత్ర, కొంత విరామం తర్వాత కొత్త మాత్ర ఇస్తాం. కొందరికి వరస తిరగేస్తాం. ప్రతిసారీ గంటల లెక్కన రక్తం తీసి మందు స్థాయి కొలుస్తాం. రెండు మాత్రల సగటుల నిష్పత్తికి 90 శాతం విశ్వాస అవధి (అసలు నిష్పత్తి ఉండగల పరిధి) లెక్కగడితే అది మొత్తంగా 80 నుంచి 125 శాతం మధ్యలో పడాలి. కొత్త అణువుని మొదటిసారి మనిషికి ఇచ్చే స్టడీలతో పోలిస్తే ఇందులో ప్రమాదం చాలా తక్కువ, ఎందుకంటే మందు ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నదే. డబ్బు కోసం వచ్చే వాలంటీర్లలో ఎక్కువమంది చేరేది ఇలాంటి వాటిలోనే.

మా మందు ఫెలోడిపిన్, బీపీ తగ్గించేది, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర. 36 మంది వాలంటీర్లు, రెండు విడతలు, మధ్యలో 14 రోజుల వాష్‌అవుట్, అంటే మొదటి మాత్ర మందు ఒంట్లోంచి పోవడానికి విరామం. విడతకి 20 శాంపిళ్లు, ఒక్కోటి 5 మి.లీ., అంటే 100 మి.లీ. రక్తం. రక్తదానంలో తీసేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ.

17వ నంబర్ వయసు 29. మొదటి విడతలో పాత మాత్ర వేసుకున్నాడు. కాస్త తలనొప్పి, మొహం వేడెక్కడం, అంతే. ఈ మందుకి అవి మామూలే. రెండో విడతలో కొత్త మాత్ర వేసుకుని పడిపోయాడు.

మొదటి అనుమానం

స్పాన్సర్ (స్టడీ చేయిస్తున్న కంపెనీ) తరఫు మనిషి ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "డోస్ డంపింగా?"

ఆ భయం ఊరికే రాలేదు. రోజంతా కొద్దికొద్దిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా బయటపడిపోవడాన్ని డోస్ డంపింగ్ అంటారు. 2005లో అమెరికాలో పల్లడోన్ అనే నొప్పిమందుని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది ఇందుకే. మద్యంతో కలిస్తే ఆ క్యాప్సూల్ మందునంతా ఒకేసారి వదిలేసే ప్రమాదం ఉందని తేలింది. మా దగ్గర పడిపోయిన మనిషి వేసుకున్నది కొత్త మాత్ర. రక్తంలో మందు స్థాయి పీక్‌కి, అంటే గరిష్ఠానికి, చేరే సమయంలోనే పడ్డాడు. బీపీ పడిపోయింది, మొహం ఎర్రబడింది. ఇవన్నీ కలిపి చూస్తే ఎవరైనా మాత్రనే అనుమానిస్తారు. నేనూ అనుమానించాను. ఆ రోజు కొత్త మాత్ర వేసుకున్న మిగతా 17 మందికీ పావుగంటకోసారి బీపీ చూశాం. ఒక్కరికీ ఏమీ కాలేదు. అప్పుడు నా అనుమానం మాత్ర మీద నుంచి మనిషి మీదకి మళ్లింది.

అతని ఫైల్ తెరిచాను. వార్డులో చేరేటప్పుడు తీసిన రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12.6. మొదటి స్క్రీనింగ్‌లో 13.8 ఉంది. మా ప్రోటోకాల్ (స్టడీ నియమావళి) ప్రకారం కనీసం 12.5 ఉండాలి కాబట్టి పాసైపోయాడు. కానీ మేం తీసిన 100 మి.లీ.కి అంత తగ్గదు. దాని కిందే సిస్టర్ చేతిరాతతో ఒక వాక్యం ఉంది: "కుడి మోచేయి మడత దగ్గర సూది గుర్తులు నాలుగైదు. జ్వరానికి టెస్టులు చేయించుకున్నానన్నారు."

మేం రక్తం తీసింది ఎడమచేతి నుంచి.

ఆ వాక్యం కింద నా సంతకం ఉంది. చదవకుండా పెట్టిన సంతకం. ఆ సాయంత్రం 36 మంది లైన్లో ఉన్నారు, రాత్రి పదిలోపు అందరూ ఉపవాసం మొదలుపెట్టాలి. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. జ్వరమన్న మాట నిజమే అనుకున్నా అతన్ని ఆపాల్సిందే. జ్వరం వచ్చినవాడు ఏదో ఒక మాత్ర వేసుకునే ఉంటాడు కదా.

నిజం ఎవరికి చెప్పాడు

నాకు చెప్పలేదు. నేను రెండుసార్లు అడిగాను, తెల్లకోటు వేసుకుని, చేతిలో ఫైల్ పట్టుకుని. "ఏమీ వాడలేదు డాక్టర్ గారూ" అన్నాడు రెండుసార్లూ. రాత్రి డ్యూటీ సిస్టర్ బీపీ చూడటానికి వెళ్లినప్పుడు అతనే మాట కదిపాడట.

"అక్కా, ఒక మాట చెబితే డబ్బులు ఆపేస్తారా?"

"నీ ప్రాణం కంటే డబ్బు ఎక్కువేంటి తమ్ముడూ" అని ఆవిడ అనలేదు. నేనైతే అలాగే అనేవాణ్ణేమో. "ఆపుతారో లేదో నాకు తెలీదు. కనుక్కుని చెప్తాను. ముందు నువ్వు పడుకో" అందట. ఆ జవాబులో అబద్ధం లేదు కాబట్టే అతను మిగతాది చెప్పాడని నా నమ్మకం.

మా మొదటి విడత అయిన నాలుగో రోజు అతను ఇంకో యూనిట్‌లో చేరాడు. పది రోజుల పాటు రోజూ ఉదయం వెళ్లి ఒక క్యాప్సూల్ మింగి, రక్తం ఇచ్చి వచ్చే స్టడీ అది. మా దగ్గర రెండో డోసు వేసుకోవడానికి రెండు రోజుల ముందు అక్కడ ఆఖరి క్యాప్సూల్ మింగాడు. దాని పేరు తెలీదు, "ఫంగస్ మందు" అని మాత్రం తెలుసు. తర్వాత తేలింది, అది ఇట్రాకోనజోల్.

ఆ పేరు వినగానే మా ఫార్మకాలజిస్ట్ తల పట్టుకున్నాడు. ఫెలోడిపిన్‌ని పేగు గోడలోనూ కాలేయంలోనూ విరగ్గొట్టేది సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్. మామూలుగా మింగిన మందులో చాలా భాగం రక్తంలోకి చేరకముందే అక్కడ ఖర్చైపోతుంది. ఇట్రాకోనజోల్ ఆ ఎంజైమ్‌ని గట్టిగా అడ్డుకుంటుంది. అప్పుడు అదే మాత్ర అనేక రెట్లు పనిచేస్తుంది. రోజూ వేసుకుంటే ఇట్రాకోనజోల్ శరీరంలో పేరుకుంటుంది కూడా. ఆపిన రెండు రోజులకి అది పోదు. ఈ రెంటినీ కలిపి ఇవ్వకూడదని లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఏ డాక్టరూ ఒకే చీటీ మీద రాయడు. కానీ ఇక్కడ రెండు చీటీలు రెండు చోట్ల ఉన్నాయి, రెండో దాని సంగతి ఎవరికీ తెలీదు.

ఫెలోడిపిన్‌కీ ఈ ఎంజైమ్‌కీ ఉన్న లంకె ప్రపంచానికి గట్టిగా తెలిసింది కూడా ఒక ట్రయల్‌లోనే, అదీ అనుకోకుండా. 1980ల చివర్లో కెనడాలో ఫెలోడిపిన్ మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, వాలంటీర్లకి మద్యం రుచి తెలియకూడదని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. మందు స్థాయి ఊహించినదానికంటే బాగా పెరిగింది. కారణం మద్యం కాదు, రసం. ట్రయల్ వార్డుల్లో ఆ పండు నిషేధం అందుకే. మేమూ ప్రతి వాలంటీర్‌నీ అడుగుతాం, గ్రేప్‌ఫ్రూట్ తిన్నారా అని. తినని పండు గురించి అంత శ్రద్ధగా అడిగే మేం, మింగిన క్యాప్సూళ్ల గురించి అడగాల్సినట్టు అడగలేదు.

అతను చెప్పకపోయి ఉంటే

బెదిరింపుగా కాక లెక్కగా చెబుతున్నాను. మా ల్యాబ్ కొలిచేది ఫెలోడిపిన్‌నే. రక్తంలో ఇంకో మందు ఉన్నా మా యంత్రానికి అది కనబడదు. డోసుకి ముందు తీసిన శాంపిల్‌లో మా మందే మిగిలి ఉండి, అది ఆ మనిషి పీక్ స్థాయిలో 5 శాతం దాటితే అతని డేటాని పక్కన పెట్టవచ్చన్న నియమం ఉంది. పరాయి మందుకి ఆ వల పనిచేయదు. ఇక ఫలితం చూశాక "ఇది మరీ తేడాగా ఉంది" అని ఒక మనిషిని తీసేయడాన్ని మందులకి అనుమతిచ్చే రెగ్యులేటర్లు ఒప్పుకోరు. తీసేసే కారణం శాంపిళ్లు ల్యాబ్‌కి వెళ్లకముందే రాతపూర్వకంగా ఉండాలి. అతను ఆ రాత్రి చెప్పాడు కాబట్టి ఉంది.

లేకపోతే కొత్త మాత్ర వరసలో ఒకే ఒక్క అంకె మిగతావాటికి అనేక రెట్లు ఉండేది. మంచి మాత్ర చెడ్డదని తేలేదేమో. లేదా ఇంకో ముప్పై ఆరుమందికి మళ్లీ సూదులు గుచ్చేవాళ్లం. తర్వాత భద్రత కోసం స్పాన్సర్ కోరితే అతని శాంపిళ్లు విడిగా కొలిపించాం. రెండో విడత పీక్ మొదటిదానికి దాదాపు ఆరు రెట్లుంది. దాచిన ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) ఇట్రాకోనజోల్ ఉందో లేదో చూడటానికి మాత్రం అతని సమ్మతి మళ్లీ తీసుకున్నాం. మొదటి ఫారంలో అతను ఒప్పుకున్నది ఫెలోడిపిన్ కొలవడానికి మాత్రమే. "ఇప్పటికే చెప్పేశాను కదా, మళ్లీ సంతకం ఎందుకు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఎందుకో చెప్పాం, పెట్టాడు.

ఇది తక్కువ ప్రమాదం ఉన్న స్టడీ. అదే కొత్త అణువుదైతే? 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని మొదటిసారి మనుషులకి ఇచ్చినప్పుడు, మందు ఎక్కించిన ఆరుగురూ కొద్ది గంటల్లోనే తీవ్రంగా జబ్బుపడి ఐసీయూలో చేరారు. ఆరుగురికీ కొద్ది నిమిషాల తేడాతో ఇచ్చేశారు మరి. అప్పటి నుంచి ముందు ఒకరికి ఇచ్చి, ఆగి, చూసి, తర్వాతే మిగతావాళ్లకి ఇవ్వడం గట్టి పద్ధతి అయింది. కానీ ఆ మొదటి మనిషి ఒంట్లో ఇంకేదో మందు ఉంటే ఆ ఆగి చూడటం మనకి నేర్పేది తప్పుడు పాఠం.

డబ్బు ఎప్పుడిస్తారు

ఎందుకు చేశావని నేను అతన్ని అడిగింది మూడో రోజున, కోటు విప్పేసి, కుర్చీ లాక్కుని. అతని లెక్క చాలా స్పష్టంగా ఉంది. మా స్టడీలో మొత్తం పరిహారంలో ఐదో వంతు మొదటి విడత తర్వాత ఇస్తాం. మిగతా నాలుగు వంతులు రెండో విడత, ఆఖరి చెకప్ అయ్యాకే. అతను పని మానుకుని వచ్చాడు. మధ్యలో 14 రోజులు చేతిలో ఏమీ లేదు. ఆ రెండో యూనిట్ వాళ్లు ఏ రోజు డబ్బు ఆ రోజు ఇచ్చేవాళ్లు.

"మీరిచ్చేది పెద్ద మొత్తం డాక్టర్ గారూ, వదులుకోలేను. వాళ్లిచ్చేది చిన్నది, కానీ ఆ రోజే వస్తుంది. అది లేకపోతే మీదాకా రాలేను."

నాకు ఈ మాట దగ్గరే కేసు మొత్తం మారిపోయింది.

వాలంటీర్లకి ఎంత ఇవ్వాలన్న దాని మీద మేం ఎప్పుడూ వాదించుకుంటాం. ఎక్కువిస్తే ప్రలోభం, తక్కువిస్తే దోపిడీ. వాలంటీర్ల హక్కులూ భద్రతా చూసే ఎథిక్స్ కమిటీలో అరగంట దాని మీదే పోతుంది. ఎప్పుడు ఇవ్వాలన్నది అకౌంట్స్ వాళ్లకి వదిలేస్తాం. నిజానికి నియమాలు ఈ రెండోదాని గురించే సూటిగా చెబుతున్నాయి. ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ జీసీపీ మార్గదర్శకాల ప్రకారం చెల్లింపు దామాషాగా జరగాలి, స్టడీ పూర్తిచేస్తేనే అన్న షరతు మీద మొత్తమంతా ఆధారపడకూడదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా అంతే చెబుతుంది, చివర్లో చిన్న బోనస్ ఉంటే తప్పు లేదంటుంది. మేం నియమాన్ని దాటలేదు, ఐదో వంతు ముందే ఇచ్చాం కదా. కాగితం మీద దామాషా ఉంది, మనిషి జేబులో లేదు. వాలంటీర్లు మధ్యలో జారిపోకుండా ఉండాలని అలా పెట్టుకున్నాం. జారిపోలేదు. అబద్ధం చెప్పి మరీ తిరిగొచ్చాడు.

దానికి తోడు మా కన్సెంట్ ఫారం ఏడో పేజీలో ఒక వాక్యం: సమాచారం దాచినట్టు తేలితే పరిహారం చెల్లించబడదు. రాసినప్పుడు అది రక్షణ అనుకున్నాం. కానీ ఒకసారి దాచినవాడు, డోసుకి ముందు మనసు మార్చుకుని నిజం చెబుదామనుకున్నా ఆ వాక్యం అతని నోరు నొక్కేస్తుంది. స్క్రీనింగ్ ప్రశ్న కూడా అలాంటిదే. "గత 90 రోజుల్లో వేరే స్టడీలో పాల్గొన్నారా? అవును / కాదు." ఏది రాస్తే లోపలికి రానిస్తారో ఆ ప్రశ్నే చెప్పేస్తోంది. పైగా అది అడిగింది మొదటి రోజే. అప్పటికి అతను చెప్పిన "కాదు" అక్షరాలా నిజం. మేం రెండో విడతకి ముందు మళ్లీ అడగనే లేదు.

కమిటీలో

స్పాన్సర్ వైపు నుంచి వచ్చిన మాట తెలిసిందే: ఉల్లంఘన కాబట్టి చెల్లింపు లేదు. నేను మొదటి విడత మొత్తానికీ, రెండో విడతలో వార్డులో గడిపిన రోజులకీ ఇవ్వాలన్నాను. మా యూనిట్‌లోనే సీనియర్ ఒకాయన గట్టిగా వ్యతిరేకించారు. "అబద్ధానికి బహుమతి ఇస్తే రేపు ఇంకొకడు చస్తాడు" అన్నారు. ఆయన మాటలో బలం లేదని నేను అనను. నాకు ఇప్పటికీ దానికి పూర్తి జవాబు లేదు. కానీ మేం ఇచ్చేది అతని సమయానికీ, అసౌకర్యానికీ అని ఫారంలో మేమే రాశాం. ఆ సమయం అతను ఇచ్చేశాడు. ఆ రక్తం తీసేసుకున్నాం. కమిటీ దామాషాగా చెల్లించమంది, స్టడీ నుంచి తొలగించమంది. రెండూ చేశాం. కాలేయం పరీక్షలు రెండు వారాల తర్వాత మళ్లీ చేశాం, బాగానే ఉన్నాయి.

ఆ రెండో యూనిట్‌కి అతని అనుమతి తీసుకుని నేనే ఫోన్ చేశాను. వాళ్ల దగ్గరా అతను మా సంగతి దాచాడు. వాళ్ల డాక్టర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మా ఫారంలోనూ 90 రోజుల ప్రశ్న ఉందండీ" అన్నారు.

ఇలాంటివి పట్టుకోవడానికి కొన్ని దేశాల్లో రిజిస్ట్రీలున్నాయి. బ్రిటన్‌లో టాప్స్ అనే వ్యవస్థలో ఫేజ్-1 (మందుని తొలిదశలో మనుషుల మీద పరీక్షించే) యూనిట్లు వాలంటీర్ వివరాలు నమోదుచేసి, ఇంకెక్కడైనా డోసు తీసుకున్నాడేమో చూసుకుంటాయి. ఫ్రాన్స్‌లో జాతీయ జాబితాతో పాటు ఏడాదికి ఒక మనిషి అందుకోగల పరిహారానికి పరిమితి కూడా ఉంది. అలాంటిది చేతిలో లేని యూనిట్‌కి ఉన్నదల్లా వాలంటీర్ మాట, సిస్టర్ కన్ను. మా దగ్గర రెండోది పనిచేసింది, నేను పనిచేయలేదు.

ఏం మార్చాం

చెల్లింపుని వచ్చిన రోజుల లెక్కన చేశాం. చివరి బోనస్ చిన్నది ఉంచాం. డోసుకి ముందు ఎప్పుడు నిజం చెప్పినా అప్పటిదాకా వచ్చిన డబ్బు పోదని, ఆ రోజు భత్యం కూడా ఇచ్చి పంపుతామని ఫారం మొదటి పేజీలో పెట్టాం, పైకి చదివి వినిపిస్తున్నాం. ప్రశ్న మార్చాం: "మా దగ్గర నుంచి వెళ్లాక ఎక్కడెక్కడ రక్తం ఇచ్చారు? ఏమేం మింగారు?" ప్రతి విడతకీ ముందు అడుగుతున్నాం, అడిగేది డాక్టర్ కాదు. రెండు చేతులూ భుజం దాకా చూస్తున్నాం. అనుమానం వస్తే డోసు ఆపే అధికారం సిస్టర్‌కి ఉంది, నా సంతకం కోసం ఆగక్కర్లేదు. ఈ చివరిది ఒప్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది.

తర్వాతి స్టడీలో ఇద్దరు గుమ్మం దగ్గరే చెప్పేశారు. ఒకతను వేరే యూనిట్ నుంచి అంతకుముందు వారమే వచ్చాడు. ఇంకొకతను పంటినొప్పికి ఏదో మాత్ర వేసుకున్నాడు. స్పాన్సర్‌కి ఇద్దరు స్టాండ్‌బై వాలంటీర్ల ఖర్చు పెరిగింది. దాని మీద ఒక చిన్న గొడవ నడిచింది, ఇంకా నడుస్తోంది.

ఏడు నెలల తర్వాత 17వ నంబర్ మళ్లీ వచ్చాడు. ఈసారి వేరే నంబర్. సిస్టర్ అడిగేలోపే, వేరేచోట డోసు తీసుకుని 40 రోజులే అయిందని చెప్పాడు. 90 నిండలేదు కాబట్టి తీసుకోలేదు. ఆ రోజు భత్యం ఇప్పించాం. లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకో యాభై రోజులు కదా డాక్టర్ గారూ. ఈలోపు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

ఎక్కడున్నాయో నాకు తెలుసు. చెప్పలేదు. సిస్టర్ యాభై రోజుల తర్వాతి తేదీని చిన్న చీటీ మీద రాసి అతని చేతిలో పెట్టింది.